పిప్పరమెంటు పువ్వు కరిగిన పలక

మే నెల ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మా బావ బీడీల డబ్బా పట్టుకొని బయటికొచ్చాడు. గోడకు ఆనించి ఉన్న పెద్ద నల్ల పలకను నేల మీద పరిచి, డబ్బాను దాని మీద బోర్లించాడు. అందులో బీడీలు లేవు. అవి ఇంట్లోంచి పోయి చాలా రోజులైంది. తెల్లటి పొడుగాటి పలుకులు మాత్రం గలగలా రాలాయి. చూడటానికి కలకండ పలుకుల్లా ఉంటాయి కాని కలకండ కాదు. కిళ్ళీలో చిటికెడు వేస్తే నోరంతా చల్లబడేది అదే. పుదీనా జాతి మొక్క నూనె నుంచి తీసే దీన్ని మా వైపు పిప్పరమెంటు పువ్వు అంటారు. చదువుకున్నవాళ్ళు మెంథాల్ అంటారు.

గడపలో నిలబడిన మా అక్క, "అది మందయ్యా. ఎండలో పోస్తావేంది?" అంది.

"మందు కాదు. బీడీ నన్ను పిలవటం లేదు. ఇది పిలుస్తంది," అన్నాడు బావ.

మార్కాపురం మే ఎండలో నల్ల పలక మీద చెయ్యి పెట్టలేం. ముందు పలుకుల అంచులు మెత్తబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటీ నూనె బొట్టుగా మారి పక్కదానిలో కలిసిపోయింది. పలక తడిసి మెరిసింది. ఆ ఘాటుకు ఎదురింటామె కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, ఎవరికి జలుబు చేసిందని అడిగింది. బావ నీడలో కూర్చుని, బొటనవేలు లేని ఎడమ పాదం ముందుకు చాపుకొని, పలక వైపే చూస్తున్నాడు. ఆఖరి తడి ఆరిందాకా లేవలేదు. ఆరిన తర్వాత చూస్తే పలక మీద మరక కూడా లేదు.

ఆ పనిలో అర్థం ఉందో లేదో ఆ రోజు నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. ఆ పాదం నిలవాలంటే ఆ డబ్బా ఇంట్లో ఉండకూడదన్నది ఒక్కటే ఆయన తేల్చుకున్నాడు.

అప్పటికి మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసి ఎంతో కాలం కాలేదు. ముందు ఒంగోలు జిల్లా అన్నారు, తర్వాత ప్రకాశం అన్నారు. కాగితాల పనికి ఒంగోలు పోవాలని జనానికి తెలిసింది గాని, ఒంటికి పెద్ద జబ్బు చేస్తే కాళ్ళు పాత కర్నూలు దారినే పట్టేవి. నేను అప్పుడే ఒక పత్రికకు వార్తలు పంపడం మొదలుపెట్టాను. రాసిన కాగితాన్ని కవరులో పెట్టి, సాయంత్రం బస్సు కండక్టరు చేతికివ్వడమే అప్పటి విలేకరి ఉద్యోగం. కవరు చేరితే ఊళ్ళో ఏదో జరిగినట్టు, చేరకపోతే ఏమీ జరగనట్టు.

బావ పలకల కార్ఖానాలో పొరలు తీసేవాడు. గని నుంచి వచ్చిన నల్ల రాయిని నిలువుగా పెట్టి, ఎడమ పాదంతో అదిమి, ఉలి ఆనించి సుత్తితో చిన్నగా తడతారు. రాయి అప్పడాల కట్ట విడివడ్డట్టు పొరలు పొరలుగా విడిపోతుంది. దెబ్బ ఎక్కువైతే పలక కాస్తా పెంకులవుతుంది. పాదం కింద రాయి ఏ కాస్త కదిలినా పొర అడ్డంగా చీలుతుంది. అందుకే ఆ పనిలో చెయ్యికి ఎంత విలువో పాదానికీ అంత. బళ్ళో పిల్లలు దిద్దుకునే పలక వెనుక ఒక మనిషి ఎడమ కాలు ఉంటుందని బయటివాళ్ళకు తట్టదు.

కార్ఖానాలో దుమ్ము నల్లగా, మెత్తగా ఉండేది. వక్కాకు నమిలినా, నీళ్ళు పుక్కిలించినా గొంతులో ఆ గరగర పోదు. దానికి అక్కడివాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. పచారి అంగట్లో పిప్పరమెంటు పువ్వు కొని, బీడీల డబ్బాలో ఒక పలుకు వేసి మూత బిగించేవాళ్ళు. ఆ పువ్వు గుణం దానంతటదే గాలిలో కలిసి బీడీల్లోకి దిగుతుంది. ఎండాకాలమైతే కరిగి నూనె అయి, ఆకు కూడా తడుస్తుంది. ఆ బీడీ పీలిస్తే మొదటి దమ్ముకే గొంతు చల్లబడుతుంది. దాన్ని చలవ బీడీ అనేవాళ్ళు.

ఆ పేరులోనే వాళ్ళ నమ్మకమంతా ఉంది. మన ఇళ్ళలో తినేదాన్నల్లా వేడి చేసేదీ చలవ చేసేదీ అని రెండుగా విడదీసుకుంటాం. మామిడిపండు తింటే మజ్జిగ తాగమంటారు. ఆవకాయ వేసుకుంటే పెరుగన్నం తినమంటారు. పొగాకు వేడి, పువ్వు చలవ. రెండూ కలిస్తే ఒకదాని దోషం ఒకటి తీసేస్తుందని వాళ్ళ లెక్క. మామూలు బీడీ తాగేవాడిని చూసి చలవ బీడీవాళ్ళు జాలిపడేవాళ్ళు. బావ ఇంకొక అడుగు ముందుకేసి, ఇది దుమ్ముకు మందు అని అక్కకు నచ్చజెప్పాడు. అక్క తానే అంగడికి పోయి పువ్వు తెచ్చి డబ్బాలో వేసేది.

తర్వాత కాలు నొప్పి మొదలైంది. కార్ఖానా నుంచి ఇంటికి నడుస్తుంటే పిక్క పట్టేసేది. కాసేపు నిలబడితే వదిలేది, మళ్ళీ నడిస్తే పట్టేసేది. వాతమన్నారు ఇరుగుపొరుగు. ఆముదం కాచి రుద్దారు. వావిలాకు కట్టారు. ఎడమ కాలి బొటనవేలు ముందు చల్లబడింది, తర్వాత కందింది, ఆ తర్వాత కొసన నల్లబడింది. నల్లబడిన రోజు అక్క నా దగ్గరకొచ్చి, కవర్లు ఇంకెవరితోనైనా పంపించి ఆయనను కర్నూలు తీసుకుపొమ్మంది.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో మీటరు గేజి బండి ఎక్కాం. కంబం, గిద్దలూరు దాటి బండి నల్లమలలోకి దూరింది. బావ కాలు ఎదురు బల్ల మీదికి చాపుకొని, కిటికీ పక్కన కూర్చొని డబ్బా తీశాడు. గిద్దలూరులో ఎక్కిన ఒక రైతు తన దగ్గర అగ్గిపెట్టె ఉందనీ బీడీ లేదనీ అన్నాడు. బావ ఒకటిచ్చాడు. ఆ రైతు రెండు దమ్ములు పీల్చి, బీడీని కళ్ళకు దగ్గరగా పెట్టుకొని తిప్పి చూశాడు.

"ఏందన్నా ఇది? పొగా, మందా?"

"రెండూ," అన్నాడు బావ.

"అట్లయితే ఇది తాగను సగం రోగమన్నా ఉండాల్నే నాకు," అన్నాడు రైతు. పెట్టెలో అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ రైతు చూపు బావ వేలికి కట్టిన గుడ్డ మీద పడింది.

నంద్యాలలో దిగి బస్సులో కర్నూలు చేరాం. ఆసుపత్రిలో డాక్టరు వయసులో చిన్నవాడే. మోకాలి వెనుక, చీలమండ పక్కన, పాదం పైన వేళ్ళు పెట్టి నాడి వెతికాడు. రెండుచోట్ల దొరకలేదు. రోజుకు ఎన్ని బీడీలు తాగుతావని అడిగాడు. ఇది వాతం కాదనీ, కాళ్ళకు నెత్తురు తెచ్చే నాళాలు కొస నుంచి మూసుకుపోతున్నాయనీ, పొగాకు తాగేవాళ్ళలోనే ఈ జబ్బు చూస్తున్నామనీ మాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. వేలు తీసెయ్యక తప్పదన్నాడు. జబ్బు అక్కడే ఆగుతుందా, పాదం దాకా వస్తుందా అన్నది కత్తి చేతిలో లేదన్నాడు.

"బీడీ కావాల్నా, కాలు కావాల్నా? రెండూ అంటే నాతో కాదు," అన్నాడు.

బావ డబ్బా తీసి చూపించాడు. "మేము తాగేది చలవ బీడీ సార్. పువ్వేసి తాగుతాం," అన్నాడు.

"నిప్పుకు గంధం పూసినావు. కాలకుండా ఉంటాదా?"

డాక్టరు అది వెటకారంగా అనలేదు. బావ కూడా అట్లా తీసుకోలేదు. వేలు తీసిన తర్వాత కట్టుతో తిరిగి వస్తూ, నంద్యాల స్టేషన్‌లో బీడీలన్నిటినీ పట్టాల మీద విదిలించాడు. డబ్బా మాత్రం జేబులో పెట్టుకున్నాడు. అందులో పువ్వు ఉంది. అది పొగాకు కాదు గదా అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. డాక్టరు వద్దన్నది పొగాకును.

ఆయన మానిన తీరు చూస్తే నాకు ముచ్చటేసేది. దాక్కోలేదు, చోటు మార్చుకోలేదు. పుండు మానగానే అదే కార్ఖానాలో, అదే వరసలో, పొగ తాగేవాళ్ళ నడుమే పోయి కూర్చున్నాడు. బొటనవేలు లేని పాదంతో రాయిని అదమడం మళ్ళీ నేర్చుకున్నాడు. మొదట్లో రాయి జారేది, పొరలు విరిగేవి. గోనెపట్ట మడిచి పాదం కింద వేసుకొని, మడమ మీద బరువు పెట్టడం అలవాటు చేసుకున్నాడు. పక్కనున్నవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు.

"ఏంది మామా, సన్నాసుల్లో కలిసినావంట?"

"కలిసినా. నీ పొగ ఆ పక్కకు ఊదు. సన్నాసి కళ్ళు మండుతన్నాయి."

గొంతులో దుమ్ముకు మాత్రం ఏదో ఒకటి కావాలి. అక్క తమలపాకులో కాస్త కలకండ, ఒక పువ్వు పలుకు పెట్టి మడిచి మధ్యాహ్నం సద్దితో పాటు పంపేది. సున్నం లేదు, పొగాకు లేదు, వక్క కూడా లేదు. మనిషి బీడీ లేకుండా ఉన్నందుకు ఆ మాత్రం చల్లదనం ఇవ్వాలని ఆమె ఆశ.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం బావ ఇంట్లోకి వస్తూనే, "తాగినా," అన్నాడు. ఎవరూ అడగకుండానే. టీ అంగడి దగ్గర ఎవరి చేతిలోదో అడుక్కొని తాగాడట. అక్క గొడవపడలేదు. అన్నం తట్ట కింద పెట్టి, "ఏ కాలితో నడిచొచ్చినావో దాన్నే అడుగు, ఇంకెంత కాలం మోస్తాదో," అంది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి మళ్ళీ మానాడు. మళ్ళీ కొన్నాళ్ళకు తాగాడు. ఈసారి కోతకు పక్కనున్న వేలు చల్లబడటం మొదలైంది.

అక్క నాతో అన్న మాట ఇంకా గుర్తుంది. ఈ మనిషి మాటమీద నిలబడనివాడైతే తిట్టి పోసేదాన్నని, నిలబడుతూనే పడిపోతుంటే ఏం చెయ్యాలో తెలియడం లేదని అంది.

తెలియకపోవడం ఆయనకూ ఉంది. కాని ఆయన దాన్ని రాయిని చూసినట్టు చూశాడు. పలకల పనిలో పొర తీసే ముందు రాయిని సుత్తితో తట్టి వింటారు. మంచి రాయి గంటలా పలుకుతుంది. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. పగులు పైకి కనపడదు కాబట్టి అటు తట్టి, ఇటు తట్టి, మాట ఎక్కడ మారుతుందో అక్కడ సుద్దతో గీత గీస్తారు. బావ తనను తాను అట్లా తట్టుకోవడం మొదలుపెట్టాడు. అక్క ఇచ్చిన ఆకు కొన్ని రోజులు తినకుండా దాచాడు. కొన్ని రోజులు తిన్నాడు. ఆ సంగతి అక్కకు చెప్పలేదు. తనకు తెలిసింది నిజమో కాదో చూడ్డానికి ఇంకొక మనిషి కళ్ళు కావాలని నన్ను కార్ఖానాకు రమ్మన్నాడు.

భోజనాల వేళ. వేపచెట్టు నీడలో పనివాళ్ళు బీడీలు ముట్టించారు. చలవ బీడీలవాళ్ళను వదిలి, మామూలువి తాగేవాళ్ళ పక్కనే బావ కూర్చున్నాడు. పొగ ఆయన ముఖం మీదినుంచే పోతోంది. ఆయన నాతో వాన రాకపోవడం గురించి, గనిలో నీళ్ళు ఊరడం గురించి మాట్లాడుతున్నాడు. చేతులు తొడల మీద నిదానంగా ఉన్నాయి. కాసేపటికి ఆకు విప్పి, అందులో ఉన్న పువ్వు పలుకును నాలుక మీద వేసుకున్నాడు. మాట ఆపలేదు. గనిలో నీళ్ళ గురించి చెబుతూనే ఉన్నాడు. కొంతసేపటికి ఆయన కుడి చెయ్యి తొడ మీదినుంచి లేచి, చొక్కా జేబు పైన తడిమి, లోపలికి పోయి, ఖాళీ జేబులో వేళ్ళు కదిలించింది.

ఆయన మాట ఆపి, ఆ చెయ్యిని చూశాడు.

"చూసినావా బామ్మర్దీ? నేను పంపలే దాన్ని."

లేచి కుండ దగ్గరకు పోయి నోరు పుక్కిలించి, పుక్కిలించి ఉమ్మాడు. తర్వాత నాకు తన లెక్క చెప్పాడు. చలవ ఎక్కువైతే ఒళ్ళు వేడిని అడుగుతుందని, ఇన్నాళ్ళూ రెండూ జతగా ఇచ్చి ఇప్పుడు ఒకటే ఇస్తుంటే రెండోది ఏదని ఒళ్ళు వెతుకుతుందని అన్నాడు. జోడెద్దుల్లో ఒకదాన్ని కాడికి కడితే రెండోది తనంతట తానే వచ్చి నిలబడ్డట్టు అన్నాడు. అది సరైన లెక్కో కాదో నాకు తెలియదు. చెయ్యి మాత్రం నేను చూశాను.

ఆ తర్వాతి ఆదివారమే పలక, ఎండ, డబ్బా.

ఆ రోజు అక్క సాయంత్రం పొయ్యి ముట్టిస్తూ, "రోజూ నా చేత్తో పెట్టి పంపింది నేనే గదా," అంది.

"నీ చెయ్యి గుణం కాదది. దాని గుణం," అన్నాడు బావ. "ఇంట్లోకి రానీకు. అంతే."

రానివ్వలేదు. పళ్ళపొడిలో పిప్పరమెంటు ఉందని దాన్ని మానేసి వేపపుల్లకు, కానుగపుల్లకు దిగారు. తలనొప్పికి రాసుకునే మందులో ఆ వాసన ఉంటుందని అక్క శొంఠి అరగదీసి పట్టు వేసుకునేది. పెళ్ళిళ్ళలో కిళ్ళీ ఇస్తే బావ దండం పెట్టి పక్కవాడికిచ్చేవాడు. దగ్గుబిళ్ళ కూడా ముట్టలేదు. గొంతులో దుమ్ముకు బెల్లం ముక్క, మిరియం నమిలేవాడు. కార్ఖానాలో జనం దీన్ని బీడీ మానడం కంటే పెద్ద పిచ్చిగా చూశారు. పొగాకు మానేవాళ్ళను ఎరుగుదుం గాని పుదీనా మీద పగబట్టినవాడిని ఇప్పుడే చూస్తున్నామని ఎగతాళి చేశారు. ఆయన రాయిని తట్టడం ఆపేవాడు కాదు.

బీడీ మీద మనసు పోలేదని ఆయనే చెప్పేవాడు. కాని అది ఇప్పుడు ఎదురుగా వస్తుందనీ, ఎదురుగా వచ్చేదాన్ని నెట్టెయ్యగలననీ అనేవాడు. ముందు వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకొని లాక్కుపోయేది. చల్లబడిన వేలు మెల్లగా మళ్ళీ వెచ్చబడింది. ఎడమ పాదం నిలిచింది. ఆ పాదంతోనే ఆయన వయసు మీరిందాకా పొరలు తీశాడు. తర్వాత బళ్ళలో పలకల స్థానంలో నోటుబుక్కులు వచ్చి కార్ఖానాలు ఇళ్ళకు పరిచే బండల వైపు తిరిగాయి. అది వేరే సంగతి.

నేను తర్వాత పత్రిక ఆఫీసులో డెస్కుకు మారి, చాలా ఏళ్ళు ఇతరులు రాసినవి దిద్దాను. సైన్సు, ఆరోగ్యం పేజీకి వచ్చే వ్యాసాలు కూడా నా చేతిమీదుగా పోయేవి. అట్లా ఒకరోజు మెంథాల్ సిగరెట్ల మీద ఒక వ్యాసం వచ్చింది. అందులో నికోటిన్, నరాలు, మెంథాల్ అని మూడు మాటలు ఒకే వాక్యంలో కనిపించాయి. ఆ రోజు నుంచి ఆ విషయం మీద దొరికిందల్లా చదివాను. తెలియనిచోట తెలిసినవాళ్ళను అడిగాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది.

నరకణం పైపొరలో చిన్న చిన్న ద్వారాలుంటాయి. ఒక్కో ద్వారం చుట్టూ ఐదు ప్రోటీన్లు స్తంభాల్లా నిలబడి నడుమ ఒక సందు వదులుతాయి. పక్క నరం నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి తగిలితే ఆ సందు తెరుచుకుంటుంది. విద్యుదావేశం ఉన్న లవణ కణాలు లోపలికి దూకుతాయి. నరం మేల్కొంటుంది. పొగాకులోని నికోటిన్‌కు సరిగ్గా ఆ రసాయనం కూర్చునే చోటే కుదురుతుంది. అందుకే ఆ ద్వారాలకు నికోటినిక్ గ్రాహకాలని పేరు. నికోటిన్ వదలకుండా తగులుతుంటే ద్వారం కొంతసేపటికి మొద్దుబారి, పిలిచినా పలకదు. రోజూ పొగాకుకు అలవాటుపడిన మెదడులో ఆ ద్వారాల సంఖ్య పెరుగుతుంది. తాగితే తప్ప కుదురుగా ఉండలేని స్థితి వెనుక ఇదొక కారణమంటారు.

మెంథాల్ నికోటిన్ చోటికి పోదు. తలుపు తాళం జోలికి పోకుండా ద్వారబంధంలో చెక్క ముక్క దూర్చినట్టు, అదే గ్రాహకంలో ఇంకెక్కడో చేరుతుంది. అప్పుడు నికోటిన్ వచ్చినా ద్వారం తెరుచుకోవడం తగ్గుతుంది, మొద్దుబారడం తొందరగా జరుగుతుంది. ప్రయోగశాలలో విడిగా పెంచిన కణాల మీద దీన్ని చూశారు. ముక్కులో, గొంతులో పొగ గుచ్చుకుంటున్నదని చెప్పే నరాల మీద కూడా ఈ ద్వారాలున్నాయి. అక్కడ మెంథాల్ చేరితే గుచ్చుకోవడం తగ్గుతుంది. చల్లదనం సంగతి వేరు. చలిని పసిగట్టే నరాల్లో వేరే రకం ద్వారం ఉంది. మెంథాల్ దాన్ని తెరుస్తుంది. చల్లనిది ఏదీ తగలకుండానే చల్లబడ్డట్టు మెదడుకు కబురు పోతుంది.

అంటే చలవ బీడీలో పొగ వేడి తగ్గలేదు, విషం తగ్గలేదు. అందాల్సిన వార్త అందలేదు, అంతే. కవరు రాలేదు కాబట్టి ఊళ్ళో ఏమీ జరగలేదనుకునే డెస్కులాగా మెదడు ఊరుకుంది. గొంతు అడ్డుచెప్పదు కాబట్టి దమ్ము లోతుగా పోతుంది. పోయిన ప్రతి దమ్మూ బావ కాలి నాళాల దాకా చేరేది.

ఎలుకల్లో ఇంకొక సంగతి కనిపించింది. నికోటిన్‌తో పాటు మెంథాల్ కూడా చాలాకాలం ఇస్తే, ఉత్త నికోటిన్ ఇచ్చినప్పటి కంటే మెదడులో ఈ ద్వారాలు ఎక్కువగా పెరిగాయి. ద్వారాలు పెరిగితే తెరవమనే కోరికా పెరుగుతుందా అన్నది తర్వాతి ప్రశ్న.

ఈ సంగతులన్నీ ఒకసారి ఊరికి పోయినప్పుడు బావకు చెప్పాను. అప్పటికి ఆయన జుట్టంతా నెరిసింది. అరుగు మీద ఎడమ పాదం చాపుకొని, మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నాడు. అక్క వక్కలు కత్తిరిస్తూ విన్నది. నేను ఆపిన తర్వాత ఆయన, నేను దిద్దిన వ్యాసాల్లో ఎవరూ అంత సూటిగా అడగని ప్రశ్న అడిగాడు.

"పువ్వు ఆ తలుపు మూస్తాదని నువ్వే చెప్తివి. మూసేదయితే నన్ను బీడీ ఎందుకడిగింది?"

నా దగ్గర రెండు మూడు సమాధానాలున్నాయి. తలుపు తక్కువ తెరుచుకుంటే సరిపోక ఇంకా కావాలనిపించి ఉండవచ్చు. పెరిగిన ద్వారాలన్నీ ఖాళీగా ఉండి ఎదురుచూసి ఉండవచ్చు. అసలు నరాల్లో ద్వారాలతో పనే లేకుండా, ఏళ్ళ తరబడి చల్లదనం వెంట నికోటిన్ వచ్చిన అలవాటుకు, చల్లదనం తగలగానే మనసు బీడీని వెతికి ఉండవచ్చు. ఆయన చెప్పిన జోడెద్దుల లెక్కకు దగ్గరగా ఉన్నది ఈ మూడోదే. ఏది అని ఖాయంగా చెప్పలేనని, పరిశోధించేవాళ్ళు కూడా ఇంకా అదే అడుగుతున్నారని చెప్పాను.

"అడగనీలే," అన్నాడు. "వాళ్ళు తేల్చిందాకా ఆగింటే నాకు ఈ కాలు ఉండేది కాదు."

"కాలుండేది కాదు, నోరు మాత్రం ఉండేది," అంది అక్క, వక్కల మీదినుంచి తల ఎత్తకుండా.

ఈమధ్య ఆయనతో కలిసి మార్కాపురం నుంచి దర్శి వైపు బస్సులో పోయాను. పొదిలి దాటాక ముందు సీట్లో ఎవరో పిప్పరమెంటు బిళ్ళ కాగితం విప్పారు. వాసన వెనక్కి వచ్చింది. ఆయన కిటికీ బయట పొగాకు చేలు చూస్తూ, ఈసారి ఆకు బాగా ఎదిగిందని చెబుతున్నాడు. ఆయన కుడి చెయ్యి లేచి చొక్కా జేబు దాకా పోయింది. ఆయన ఎడమ చేత్తో దాన్ని పట్టుకొని, తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. మాట ఆపలేదు.

మెంథాల్ ఆ గ్రాహకంలో సరిగ్గా ఏ చోట చేరుతుందో, ఏ రకం గ్రాహకంలో ఎట్లా చేరుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. పొగ ద్వారా మనిషి మెదడుకు చేరే మెంథాల్ అక్కడి ద్వారాలను మార్చడానికి సరిపోతుందా లేదా అన్నదీ తేలలేదు. పొగాకు ముట్టకుండా ఇన్నేళ్ళు గడిచిన మనిషి చెయ్యిని బస్సులో లేపింది ఆ ద్వారాలా, అలవాటా అన్నది తేల్చే పరీక్ష ఏదీ నాకు ఇంతవరకు కనబడలేదు.